షుగర్ పడిపోకూడదు

కొడుకు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆ తల్లి మనసులో అంబులెన్సు బయల్దేరేది. ఫోను మోగితే ఎవరో పోయారనుకునేది. మోగకపోతే, కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకునేది. కోడలు ఒకసారి నవ్వుతూ, "అత్తయ్యా, మీరు నిద్రలో కూడా భయపడతారా?" అని అడిగింది. "భయపడి భయపడి అలిసిపోతేనే కదమ్మా నాకు నిద్ర పట్టేది" అంది ఆవిడ. అది వేళాకోళం కాదు, నిజంగానే అంది.

అలాంటి మనిషికి, భయపడింది భయపడినట్టు జరిగిన రోజు ఒకటి వచ్చింది.

కొడుకు ఒక ప్రెస్సులో కటింగ్ మెషీను నడిపేవాడు. అచ్చయిన కాగితాలను కట్టలు కట్టలుగా పేర్చి, అంచులు సమంగా కొట్టి, బ్లేడు కింద పెట్టి కోసే పని. వెంట్రుకవాసి తేడా వస్తే పుస్తకం పుస్తకమంతా వంకరగా కనిపిస్తుంది. ఆ పనిలో అతనికి మంచి పేరుండేది. ముప్పై అయిదు దాటగానే షుగరుందని తేలింది. వాళ్ళ నాన్నకీ ఉండేది కాబట్టి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. డాక్టరు బిళ్ళ రాశాడు. ఒక సెలవు రోజు పొద్దున్నే ఆ బిళ్ళ వేసుకుని, "ఈ గడియ బిగించేసి తింటానమ్మా" అంటూ కిటికీ దగ్గర కూర్చున్నాడు. గడియ బిగియలేదు. తిండి సంగతి మరిచిపోయాడు. తల్లి వచ్చి చూసేసరికి చొక్కా తడిసి ముద్దయింది. చేతిలో స్క్రూడ్రైవరు గడగడా వణుకుతోంది. "ఏమైందిరా నాన్నా?" అంటే ఆవిడను ఎగాదిగా చూసి, "మీరెవరండీ?" అన్నాడు.

ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి డబ్బాలోంచి చక్కెర గుప్పెడు తీసి కొడుకు నోట్లో కుక్కింది. కాసేపటికి వాడు మనిషయ్యాడు. "అమ్మా, నోరంతా ఇదేంటి?" అని నవ్వాడు కూడా. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి మనిషి కాలేదు.

తర్వాత డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కొడుకునీ కోడలినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. "షుగరు పెరిగితే మనిషిని నెమ్మదిగా తినేస్తుంది. కళ్ళు, కిడ్నీలు, నరాలు, మనసు, ఒక్కోటీ. పడిపోతే నిమిషాల్లో తీసుకుపోతుంది. రెండూ ప్రమాదమే." వెనక నిలబడ్డ తల్లి కూడా అంతా విన్నది. నిమిషాల్లో అన్న మాట ఆవిడ గుండెలో మేకులా దిగబడింది. నెమ్మదిగా అన్న మాట మాత్రం ఊరటగా తోచింది. నెమ్మదిగా జరిగేది జరిగేనాటికి తను ఎలాగూ ఉండదు.

ఆ ఇంట్లో వంట కోడలిది. టీ అత్తగారిది. కోడలు పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో పని చేసేది. తెల్లారకముందే లేచి భర్తకు పథ్యం వంట చేసి, డబ్బా కట్టి, తను బయటపడేది. ఆమె వెళ్ళాక తల్లి టీ కాచి, కొడుక్కి ఒక గ్లాసు ఇచ్చి, మిగతాది ఫ్లాస్కులో పోసి ప్రెస్సుకు పంపేది. సాయంత్రం మళ్ళీ టీ. చక్కెర బదులు వేసుకొమ్మని డాక్టరు చెప్పిన తియ్యబిళ్ళల సీసా పొయ్యి పక్కనే ఉండేది. కోడలే కొని తెచ్చేది.

తల్లి రోజూ సీసాలోంచి లెక్క తప్పకుండా బిళ్ళలు తీసేది. కొళాయి తిప్పి సింకులో కరిగించేసేది. టీలో చక్కెర వేసేది. తీపి తీపే కదా, వాడికి తేడా తెలిసేది కాదు. "మా అమ్మ చేతిలో ఆ బిళ్ళలకు కూడా రుచి వస్తుంది" అని ప్రెస్సులో చెప్పుకునేవాడు.

ఇంట్లో చెప్తే ఆపించేస్తారు. ఆపిస్తే వాడు మళ్ళీ ఎక్కడో, ఈసారి ఏ బ్లేడు ముందో, "మీరెవరండీ" అంటాడు. ఆవిడకు ఇందులో ఎక్కడా తప్పు కనపడలేదు.

మూడు నెలలకు రక్తపరీక్ష చేయిస్తే షుగరు తగ్గకపోగా పెరిగింది. డాక్టరు బిళ్ళ పెంచాడు. మందు పెరిగిందంటే పడిపోయే భయమూ పెరిగినట్టే కదా అనుకుని తల్లి ఇంకో చెంచా వేసింది. మళ్ళీ పరీక్ష. మళ్ళీ పెరిగింది. ఈసారి ఇన్సులిన్ సూది మొదలైంది. సూది అనేసరికి ఆవిడకు ఒళ్ళు జలదరించి, చక్కెర చెంచాతో కాక చిన్న గిన్నెతో వెయ్యడం మొదలుపెట్టింది. కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది కాబట్టి వాడి నాలుకకు తేడా తెలియలేదు. అంత చక్కెరకు అంత ఇన్సులిన్, అంత ఇన్సులిన్‌కు మళ్ళీ అంత ఆకలి. మనిషి పొంగిన పిండిలా ఉబ్బసాగాడు. ప్యాంట్లు పట్టడం మానేశాయి. మెషీను ముందు వంగితే పొట్ట అడ్డం వచ్చేది. ప్రెస్సులో కాగితం బస్తాలు దించేవాళ్ళు అతనికి 'బస్తా' అని పేరు పెట్టారు.

"బస్తా, కాస్త పక్కకు జరుగు, అసలు బస్తా వస్తోంది."

"ఒరేయ్, నీ పెళ్ళాం పథ్యం పెడుతోందా, పందెం కోసం మేపుతోందా?"

మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఒళ్ళంతా నీరసం, నోరెప్పుడూ పిడచకట్టుకుపోవడం, గంటకోసారి బాత్రూముకు పరుగు. చిన్న మాటకు కస్సుమనేవాడు. ఆ వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. చెప్పింది చెప్పినట్టు మరిచిపోయేవాడు. బుర్రలో తడి దూది కుక్కినట్టుందని భార్యతో చెప్పాడు. ఒక రోజు బడిపుస్తకాల అట్టలన్నీ తప్పు గీత మీద కోసేశాడు. పుస్తకం పేరులో పై సగం తెగి కింద పడింది. మేస్త్రీ ఒక అట్ట ఎత్తి అందరికీ చూపించాడు. "మన బస్తాగారు దీనికి కూడా పథ్యం చేయించారు చూడండి. సగం తగ్గించారు." ఆ సాయంత్రమే అతన్ని మెషీను మీంచి తీసేసి కట్టలు మోసే పనిలో పెట్టారు.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి గోడకు తల ఆన్చి ఏడ్చాడు. తల్లి వీపు నిమిరింది. లోపల మాత్రం, పోనీలే, బ్లేడు గండం తప్పింది అనుకుంది.

డాక్టరుకు ఓపిక పోయింది. "ఏం తింటున్నావయ్యా?" అన్నాడు.

"మా ఆవిడ పెట్టిందే సార్."

"టీలో?"

"బిళ్ళలేనండీ" అంది కోడలు. "నేనే కొంటాను. సీసా అయిపోతుంటుంది కూడా."

తల్లి పక్కనే కూర్చుని గోడ మీది గుండె బొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది. చేతులు మాత్రం కొంగును మెలిపెడుతున్నాయి.

"అంటే నా మందులు అబద్ధమాడుతున్నాయన్నమాట" అన్నాడు డాక్టరు. "చూడమ్మా, ఇలాంటివాళ్ళని రోజూ చూస్తాను. ముందు ఒట్టు వేస్తారు, తర్వాత ఏడుస్తారు. పడుకోబోయేముందు బీరువా తెరిచి చూసుకో, ఏ బిస్కెట్టు పొట్లమో దొరుకుతుంది."

కోడలు మొదట నమ్మలేదు. భర్త తరఫున డాక్టరుతో వాదించింది కూడా. తర్వాత ఒక రోజు బట్టలు ఉతుకుతుంటే చొక్కా జేబులో చాక్లెట్ కాగితాలు గుత్తిగా దొరికాయి. ప్రెస్సులో ఎవరో సరదాకు కుక్కారు. అతనికి తెలియదు.

"నేను తినలేదు" అన్నాడు.

"మరి ఇవి నడిచొచ్చాయా?"

"నేను తినలేదే. మా అమ్మ మీద ఒట్టు."

తల్లి గుమ్మంలోనే ఉంది. తన మీద ఒట్టు వెయ్యగానే ఆవిడకు గుండె దడదడలాడింది. తప్పు ఒట్టయితే కదా తనకేమైనా అయ్యేది. వాడు నిజమే చెప్తున్నాడు, భయం లేదు అని సర్దుకుంది.

కోడలు తెలివైనది. పిల్లల కేంద్రంలో ఏ పసివాడు ఏడిస్తే ఎందుకు ఏడుస్తున్నాడో వెతికి పట్టుకోవడమే ఆమె పని. భర్త స్నానానికి వెళ్ళినప్పుడు అత్తగారి దగ్గరికి వచ్చి మెల్లగా కూర్చుంది.

"అత్తయ్యా, నాకు కోపం రాదు. నిజం చెప్పండి. మీరేమైనా పెడుతున్నారా ఆయనకి? జాలిపడి, ఎప్పుడైనా?"

ఆ ఒక్క క్షణం ఆవిడ నోటి చివరిదాకా వచ్చింది మాట. పెడుతున్నాను తల్లీ, వాడు పడిపోతాడని పెడుతున్నాను. కానీ చెప్తే టీ కోడలి చేతికి పోతుంది. సూది అంతే ఉంటుంది, చక్కెర ఉండదు. వాడు పడిపోతాడు. ఆవిడకు కిటికీ దగ్గరి ఆ ముఖం కనపడింది. కనపడగానే గొంతు దానంతటదే లేచింది.

"అయ్యో, ఎంత మాటన్నావే. కన్న కొడుక్కి నేను విషం పెడతానా? నువ్వు కేంద్రంలో పరాయి పిల్లల ముక్కులు తుడుస్తుంటే, వాడు పడిపోయిననాడు పట్టుకుంది నేను. నేనే."

నిజంగానే ఏడుపు వచ్చింది ఆవిడకు. ఆ ఏడుపు విని కొడుకు తడి ఒంటితోనే బయటికొచ్చాడు. విషయం వినగానే బల్ల మీది పింగాణీ కంచం ఎత్తి గోడకు కొట్టాడు. పెంకులు భార్య కాళ్ళ దాకా ఎగిరిపడ్డాయి. "నన్ను దొంగని చేశావు. చాల్లేదా? మా అమ్మని కూడా చెయ్యాలా?"

ఇంతకుముందు అతను కంచం విసిరే మనిషి కాదు. కోడలు కిందకు వంగి పెంకులు ఏరుతూ, "తప్పయింది అత్తయ్యా" అంది. తల్లి ఆమె తల నిమిరి, "పోన్లేమ్మా, నీ బాధలో అన్నావు" అంది. అదీ నిజంగానే అంది.

ఆ తర్వాతే అతనికి కొత్త అనుమానం పట్టుకుంది. నేను తినడం లేదు. కానీ షుగరు చూసే మీటరు తిన్నానంటోంది, డాక్టరు తిన్నానంటున్నాడు, జేబులో కాగితాలున్నాయి. అయితే నాకు తెలియకుండా నేనే తింటున్నానేమో. నిద్రలో లేచి. ఆ ఆలోచన అతన్ని చెదలా తొలిచేసింది. భార్యను పిలిచి రాత్రిపూట వంటింటికి తాళం వేయించాడు. తాళంచెవి ఆమె దగ్గరే పెట్టుకొమ్మన్నాడు. పడుకునేముందు చేతివేళ్ళకు పిండి రాసుకునేవాడు, లేచి తిరిగితే గోడల మీద గుర్తులు పడతాయని. పొద్దున్నే గోడలన్నీ తడుముకుంటూ వెతికేవాడు. ఏమీ ఉండేవి కావు. లేనందుకు ఇంకా భయపడేవాడు. చేతులు కడిగేసుకుని మళ్ళీ రాసుకుని పడుకున్నానేమో అనుకునేవాడు.

తల్లి ఇదంతా చూస్తూనే టీ కాచేది. వాడు బక్కచిక్కి ఎముకలగూడు అవుతుంటే ఆవిడ ఆగేదేమో. కానీ వాడు లావవుతున్నాడు. లావైనవాడు చచ్చిపోతున్నాడని ఏ తల్లికి తోస్తుంది.

చివరికి డాక్టరు ఒక మాటన్నాడు. "రెండు రోజులు నా వార్డులో ఉంచుతాను. మా తిండి, మా సూది. మందు పనిచెయ్యట్లేదో, నోరు మూతపడట్లేదో తేలిపోతుంది."

కొడుకు సంతోషంగా ఒప్పుకున్నాడు. నెలల తర్వాత భార్య చెయ్యి పట్టుకుని, "తేలిపోతుందిలే" అన్నాడు. ఆమె కూడా ఆ చెయ్యి వదల్లేదు.

తల్లి మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి ముద్ద మింగలేదు. వార్డులో సూది పూర్తిగా పొడుస్తారు. చక్కెర లేని తిండి పెడతారు. ఏం జరుగుతుందో ఆ భవనం మొత్తం మీద తెలిసిన మనిషి తనొక్కతే. ఫ్లాస్కు చీరకొంగు కింద పెట్టుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గర నర్సు ఆపింది.

"బయటివేవీ లోపలికి వద్దు పెద్దమ్మా. అందుకే కదా ఇక్కడ ఉంచింది."

"టీయే తల్లీ. ఉత్త టీ."

"ఉత్త నీళ్ళయినా వద్దు. డాక్టరుగారు తిడతారు." ఫ్లాస్కు తీసి బల్ల మీద పెట్టుకుంది.

కిటికీ అద్దంలోంచి కొడుకు కనిపిస్తున్నాడు. మంచం మీద కూర్చుని, చొక్కా ఎత్తి, పొట్ట మీద సూది పొడిపించుకుంటున్నాడు. తల్లి పెదవులు కదిలాయి. అమ్మా, ఆ సూది సగం చాలు అని నర్సుతో అంటే అయిపోయేది. ఎందుకు అని అడుగుతుంది. తర్వాత కోడలు అడుగుతుంది. తర్వాత వాడు అడుగుతాడు. వాడు అడిగే ముఖం తలుచుకోగానే ఆవిడ నోరు మూతపడింది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు, ఇంత పెద్ద ఆసుపత్రి, చూసుకోరా ఏమిటి అని బెంచీ మీద కూలబడింది. మళ్ళీ లేచి అద్దానికి ముఖం ఆన్చింది.

మధ్యాహ్నం భోజనం బండి రాకముందే మొదలైంది. ముందు నుదుటి మీద చెమట. తర్వాత దుప్పటి పీకడం. పక్క మంచం మనిషి ఏదో జోకు వేసి ఊరుకున్న చాలాసేపటికి నవ్వడం. లోపల ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తింది.

"పడిపోయింది. నా కొడుక్కి షుగరు పడిపోయింది. చక్కెర పెట్టండి."

నర్సు మీటరు తెచ్చేలోపే కళ్ళు తేలేశాడు. ఒళ్ళు విల్లులా వంగింది. మంచం కడ్డీలు గణగణలాడాయి. గ్లూకోజు ఎక్కించారు. ఫిట్సు ఆగింది. చాలాసేపటికి కళ్ళు తెరిచి తల్లినీ, కబురు తెలిసి పరిగెత్తుకొచ్చిన భార్యనీ మార్చి మార్చి చూశాడు. నాలుక కరుచుకోవడంతో మాట ముద్దగా వచ్చింది. "ఎవరు?"

నర్సు తల్లి చేతులు పట్టుకుంది. "మీరు చూడకపోతే ఏమైపోయేవాడో పెద్దమ్మా. తల్లి తల్లే."

కోడలు కూడా ఏడుస్తూ అత్తగారిని కౌగిలించుకుంది. ఆవిడ ఆ కౌగిలిలో నిలబడింది. ఇన్నాళ్ళూ ఎవరూ నమ్మని తన భయం కళ్ళముందు నిజమైంది. తను అనుకున్నదే రైటు.

మర్నాడు డాక్టరు కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. కోపం లేదు, జాలిగా ఉన్నాడు.

"తేలిపోయిందయ్యా. ఇంట్లో పొడుచుకునే సూదే ఇక్కడా పొడిచాం. మా తిండి మీద అదే సూది నిన్ను చంపబోయింది. అంటే ఇంట్లో ఆ సూదికి సరిపడా ఎక్కడో తింటున్నావు. మందు మంచిదే. నువ్వే అబద్ధం."

అతను వాదించలేదు. పైకప్పు కేసి చూస్తూ, "నాకు గుర్తు లేదు సార్" అన్నాడు.

"గుర్తుండదు. నిద్రలో లేచి తినే జబ్బొకటుంది. మనసు డాక్టరుకు రాస్తున్నాను. సూది సగానికి తగ్గిస్తున్నాను."

కోడలు భర్త ముఖంలోకి చూసింది. జబ్బయితే ఆమె భరించేదే. కానీ ఇన్నాళ్ళ ఒట్లు, విరిగిన కంచం, అత్తగారి ముందు వంగి తను ఏరిన పెంకులు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ఉంది. మనసు డాక్టరిచ్చిన మందుకు అతను పగలంతా మత్తుగా పడుకుని, లేస్తే ఆవురావురుమనేవాడు. తిండి అడ్డుకుంటే చెయ్యెత్తాడు. రెండోసారి ఎత్తిన చెయ్యి తగిలింది. ఆమె బట్టలు సర్దుకుని అక్క ఇంటికి బయల్దేరింది.

గుమ్మంలో ఆగి వంటింటి తాళంచెవి అత్తగారి చేతిలో పెట్టింది. "నేను ఒకనాడు మిమ్మల్ని అనుమానించాను అత్తయ్యా. మనసులో పెట్టుకోకండి. ఆయన్ని చూసుకోండి."

"నేను చూసుకోక ఎవరు చూసుకుంటారమ్మా" అంది తల్లి. వీధి మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. దార్లో ఏ లారీ గుద్దేస్తుందోనని, చేరగానే ఫోను చెయ్యమని కేకేసింది.

ఇప్పుడు వంటా టీ రెండూ ఆవిడవే. సూది సగమైంది కదా, చక్కెర మానేయొచ్చు. మానేద్దామని ఒక పూట అనుకుంది కూడా. వార్డులో ఒళ్ళు విల్లులా వంగడం కళ్ళకు కట్టింది. మానలేదు.

ఆ రోజు పడుకోబోతూ కొడుకు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నా గుమ్మంలో పడుకో. నేను లేస్తానేమో చూడు. లేచి ఏం తింటానో చూసి చెప్పు. నువ్వు చెప్తే నమ్ముతాను."

"అలాగే నాన్నా."

వాడు మందు మత్తులో అటు నుంచి ఇటు కూడా దొర్లలేదు.

తెల్లారాక మంచం మీద కూర్చుని వేలు గుచ్చుకుని మీటరు చూసుకున్నాడు. అంకె చూసి ముఖం వాడిపోయింది. ఆవిడ టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. అతను తలెత్తాడు.

"లేచానా అమ్మా?"

లేవలేదంటే, మరి ఇదెక్కడి నుంచి వస్తోందని వెతుకుతాడు. వెతికేవాడికి ఈ ఇంట్లో ఇక మిగిలింది ఆవిడొక్కతే.

"లేచావు నాన్నా."

అతను మీటరు పక్కన పెట్టాడు. "ఏం తిన్నాను?"

"బ్రెడ్డు."

"ఎంత?"

"మొత్తం."

"తాళం వేసుంది కదా."

"నా దిండు కింద చెయ్యి పెట్టి తీసుకున్నావు. పిలిచాను. నువ్వు పలకలేదు."

"నాకేం గుర్తు లేదమ్మా" అన్నాడు. తర్వాత, ఎవరి దగ్గరో దాచుకోవాల్సిన మాటలా, గొంతు తగ్గించి, "నిన్ను కొట్టానా?" అని అడిగాడు.

"లేదు" అంది ఆవిడ. కొడుకు మీద చెడు చెప్పడం ఆవిడకు చేతకాదు. "టీ చల్లారిపోతోంది. తాగు నాన్నా."

అతను రెండు చేతులతో గ్లాసు అందుకున్నాడు.